ఫొటోలో ఉన్నది ఆడపిట్ట
శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం దగ్గర వరిమడిలో తీసి మీరు పెట్టిన పెయింటెడ్ స్నైప్ (బురదనేలల్లో తిరిగే, ఉల్లంకి లాంటి పిట్ట) ఫొటో చాలా బాగుంది. కింద మగపిట్ట అని రాశారు, కానీ అది ఆడది. మెడ, రొమ్ము ముదురు ఇటుకరంగులో ఉండి, కంటి చుట్టూ తెల్లమచ్చ వెనక్కి సాగితే ఆడదే. మగది మట్టిరంగు, రెక్కల మీద లేత పసుపు చుక్కలు. మామూలుగా 4 గుడ్లు. పొదిగేదీ, పిల్లల్ని సాకేదీ మగదే కాబట్టి కనబడకుండా కలిసిపోయే ఆ మట్టిరంగు దానికే కావాలి.

దగ్గరకెళితే వెంటనే ఎగరదు, గడ్డిలో బిగుసుకుపోతుంది. మరీ మీదికెళితే రెక్కలు విప్పి బెదిరిస్తుంది. గూడు పక్కనే ఉండొచ్చు, అప్పుడు ఫొటో మానేసి వెనక్కి రావాలి. లేచినా కాళ్లు వేలాడేసుకుని కాస్త దూరంలోనే దిగుతుంది. వంకర్లు తిరుగుతూ దూసుకుపోయేది మామూలు ఉల్లంకి (కామన్ స్నైప్), ఇది కాదు. మడిలోకి దిగకండి, పొద్దు వాలాక గట్టుకు ఎడంగా కూర్చుంటే అదే మేతకు బయటికొస్తుంది.