గాంధారం ఎగ్గొట్టిన పవర్ కార్డ్ గారికి

రాక్ గిటార్ మీద స్వరాలను ఒకేసారి కలిపి మోగించే పట్టు అయిన మహారాజశ్రీ పవర్ కార్డ్ గారికి మీ అభిమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను, నా గిటార్, నా మెడనొప్పి క్షేమం. అక్కడ మీరు, మీ ఆంప్లిఫయర్, దాని ఇరుగుపొరుగు క్షేమమని తలుస్తాను.

ఉభయకుశలోపరి, మీ మీద ఫిర్యాదు ఉంది. కాలేజీ రోజుల నుంచి నా చేత కేసెట్లు, సీడీలు, హెడ్‌ఫోన్లు, నల్ల చొక్కాలు కొనిపిస్తూ వచ్చారు. తీరా మీ దగ్గరున్న సరుకు ఎంత అని చూస్తే రెండు స్వరాలు. షడ్జమం, పంచమం, అంటే స, ప. మరీ మొహమాటపెడితే పై స్థాయి షడ్జమాన్ని తెచ్చి మూడోది అంటారు. అది పాత షడ్జమమేనని మాకు తెలియదా? మధ్యలో ఉండవలసిన గాంధారం, ఆ గ ఏది? అంతర గాంధారం పెడితే మేజర్, వినేవాడి ముఖం వికసిస్తుంది. సాధారణ గాంధారం పెడితే మైనర్, కళ్లు చెమరుస్తాయి. పాట సంతోషమా, దుఃఖమా అన్నది తేల్చే స్వరం అది ఒక్కటే. మీరు సరిగ్గా దాన్నే ఎగ్గొట్టారు. ఎన్నికల ముందు రోజు దాకా ఏ పార్టీకీ మాట ఇవ్వని ఊరి పెద్దలా మేజర్ వారి దగ్గర మేజర్‌గా, మైనర్ వారి దగ్గర మైనర్‌గా చలామణీ అయిపోతున్నారు.

మిమ్మల్ని పట్టుకోవడానికి పెద్ద విద్య కూడా అక్కర్లేదు. చూపుడు వేలు అన్నిటికంటే లావు తీగ మీద ఒక మెట్టులో, ఉంగరపు వేలు పక్క తీగ మీద రెండు మెట్లు పైన, చిటికెన వేలు దాన్ని ఆనుకుని ఆ తర్వాతి తీగ మీద. మిగిలిన తీగలు మోగకుండా చూపుడు వేలిని వాటి మీద ఊరికే ఆనిస్తే చాలు. ఇక వేళ్ల కూర్పు చెదరకుండా చెయ్యి మొత్తాన్ని అటూ ఇటూ జరుపుకోవడమే. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణం దాకా వచ్చేసరికి మన పిల్లల్లో కొందరికి పెళ్లీడు వస్తుంది. మీ దగ్గర చేరినవాడు శనివారం గిటార్ కొంటే ఆదివారం సాయంత్రానికి బ్యాండ్ పేరు కోసం తగవు పడుతుంటాడు.

పోనీ బద్ధకమని సరిపెట్టుకుందామంటే మీ వెనుక భౌతికశాస్త్రం నిలబడి ఉంది. ఆంప్లిఫయర్‌కు అది మోయలేనంత ధ్వనిని ఎక్కిస్తే అది అలల తలలు కోసేసి, లేని కంపనాలను పుట్టిస్తుంది. గాంధారం ఉంటే ఆ కొత్త కంపనాలన్నీ ఒకదానితో ఒకటి కొట్టుకుని గోల అవుతుంది. పంచమం షడ్జమానికి ఒకటిన్నర రెట్లు కాబట్టి ఆ రెండింటి మధ్య తేడా సరిగ్గా కింది స్థాయి షడ్జమమవుతుంది. ఎవరూ మీటని ఆ మంద్ర షడ్జమమే మీ బలం. రెండు తీగలు మీటితే కిటికీ అద్దాలు అదరడానికి కారణం అదీ. అంటే మీరు తెలివితక్కువవారు కారు, తెలివిని దాచుకున్నవారు. అది ఇంకా పెద్ద నేరం.

మీ వంశ చరిత్ర కూడా విచారించాను. ఏమీ బాగాలేదు. 1958లో లింక్ రే అనే ఆయన ఒక్క మాట కూడా లేని వాద్యసంగీతం విడుదల చేస్తే, అది కుర్రాళ్లను కొట్లాటలకు రెచ్చగొడుతుందని అమెరికాలో కొన్ని రేడియో కేంద్రాలు నిషేధించాయి. నోరు విప్పకుండానే నిషేధానికి గురికావడం మా రాజకీయ నాయకులకు కూడా సాధ్యం కాలేదు. తర్వాత 1964లో, లండన్‌లో, కింక్స్ బ్యాండ్ కుర్రాడు డేవ్ డేవీస్ తన ఆంప్లిఫయర్ స్పీకరును బ్లేడుతో కోసి ఆ చిరుగు ధ్వనినే రికార్డు చేశాడు. మా ఇంట్లో ఎవరైనా స్పీకరును బ్లేడుతో కోసి ఉంటే చరిత్రలో కాదు, వీపు మీద పేజీ దక్కేది.

ఆ తర్వాత న్యూయార్క్ క్వీన్స్ నుంచి పంక్ బ్యాండ్ రమోన్స్ వచ్చారు. 1974లో నలుగురు కుర్రాళ్లు, ఒకరికొకరు ఏమీ కారు, అందరూ రమోన్ అని ఒకే ఇంటిపేరు పెట్టుకున్నారు. మన దగ్గర ఇంటిపేరు కలిస్తే సంబంధం వద్దంటారు, వాళ్లు ఏకంగా బ్యాండ్ పెట్టేశారు. 1976లో వచ్చిన తొలి ఆల్బమ్‌లో పద్నాలుగు పాటలు, మొత్తం నిడివి అరగంటకు లోపే. ఖర్చు సుమారు 6,400 డాలర్లు. మా వైపు పెళ్లి వీడియోలో ముహూర్తానికి ముందు వచ్చే డ్రోన్ దృశ్యాలే ఆ ఆల్బమ్ కన్నా ఎక్కువసేపు ఉంటాయి. ఆ బ్యాండ్ గిటారిస్టు జానీ రమోన్ కుడిచేతిని ఒకసారి చూడండి. తీగ మీటే పిక్ ఎప్పుడూ పైనుంచి కిందికే. పైకి వచ్చేటప్పుడు తీగను తాకదు, మళ్లీ కిందికే. పాట ఎంత వేగమైనా అంతే. నేను ఆ పద్ధతిలో రెండు నిమిషాలు వాయించే సరికి మోచేతి నుంచి మణికట్టు దాకా నరం గట్టిపడిపోయి, మర్నాడు ఆఫీసులో మౌస్ పట్టుకోవడానికి ఎడమచేతిని వాడవలసి వచ్చింది. ఇంత కష్టం పడేది గాంధారం లేని రెండు స్వరాల కోసమని డాక్టరుకు ఎలా చెప్పను?

మీ పరివారంలో మా నాన్నకు నచ్చినవాడు ఒక్కడున్నాడు. కాలిఫోర్నియా బ్యాండ్ డిసెండెంట్స్ గాయకుడు మైలో ఆకర్మన్. పాప్-పంక్‌కు, అంటే పంక్ రొదకు పాప్ బాణీ కలిపిన సంగీతానికి, తాత వరుస అనదగిన ఆ బ్యాండ్‌ను పక్కన పెట్టి జీవశాస్త్రం చదువుకోవడానికి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు ఏడవలేదు, 1982లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు మైలో కాలేజీకి వెళ్తున్నాడన్న కబురునే పేరుగా పెట్టారు. అతడు డాక్టరేట్ పూర్తి చేసి, ఏళ్ల తరబడి మొక్కల మీద పరిశోధన చేసే ఉద్యోగం చేస్తూ మధ్యమధ్యలో వచ్చి పాడి వెళ్లేవాడు. ఈ కథ చెప్పిన రోజు మా నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని, "చూశావా, పంక్ అయినా పీహెచ్‌డీ చేశాడు" అన్నారు. అప్పటి నుంచి నేను ఏ బ్యాండ్ గురించి ఎత్తినా ఆయన ముందు అడిగేది గాయకుడి క్వాలిఫికేషనే. కాలిఫోర్నియాకే చెందిన పాప్-పంక్ బ్యాండ్ గ్రీన్ డే వాళ్లను గురించి అడిగినప్పుడు మాట మార్చాను.

నా అసలు బాధకు వస్తున్నాను. మీ మీద కట్టిన పాప్-పంక్ పాటల్లో ముప్పాతిక వంతు ఒకే గొడవ. ఈ ఊరు విసుగు, ఇక్కడ ఏమీ జరగదు, ఇక్కడి నుంచి పారిపోవాలి. బర్క్‌లీ పక్కన ఓ కుర్రాడికి, శాన్‌డియాగో పక్కన పోవేలో ఇంకో కుర్రాడికి అది నిజమే కావచ్చు. కారు షెడ్డు, ఖాళీ మధ్యాహ్నాలు, స్కేట్‌బోర్డు, తలుపు వేసుకోవడానికి సొంత గది. ఇవన్నీ ఉంటేనే కదా విసుగు పుట్టేది. తెల్లవారుజామున నాలుగున్నరకు స్టడీ అవర్, రాత్రి పదిన్నరకు స్లిప్ టెస్టు ఉన్న ఇంటర్మీడియట్ హాస్టల్లో విసుగు చెందడానికి టైమ్‌టేబుల్‌లో పీరియడ్ ఏది? అయినా దిండు కింద వాక్‌మన్ పెట్టుకుని, ఎన్నడూ చూడని కాలిఫోర్నియా శివార్లను నేను మనసారా అసహ్యించుకున్నాను. ఆ ఊళ్లు నాకేం చేశాయని?

పారిపోవడం సంగతి ఇంకా ఘోరం. మీ పాటల్లో కుర్రాడు అర్ధరాత్రి కిటికీ దూకి ఊరు వదులుతాడు. తల్లిదండ్రులు గుండెలు బాదుకుంటారు. మా ఇంట్లో నన్ను ఊరు వదిలి పొమ్మన్నది మా నాన్నే. జీఆర్ఈ పుస్తకం ఆయనే తెచ్చారు. బ్యాంకు లోను కోసం పొలం కాగితాలు ఆయనే బయటికి తీశారు. చిలుకూరు బాలాజీ గుడిలో నా తరఫున పదకొండు ప్రదక్షిణలు కూడా ఆయనే చేశారు. పారిపోవడానికి ఇంటిల్లిపాదీ సహకరిస్తుంటే తిరగబడేది ఎవరి మీద? చివరికి తిరుగుబాటు చేయాలని నిర్ణయించుకుని హైదరాబాద్‌లోనే ఉండిపోయాను. పంక్ అంటే నాకు తెలిసినంతవరకు అదే. బంధువులు ఇప్పటికీ జాలిపడుతుంటారు.

మీవాళ్ల నీతి నియమాల సంగతి కొస్తే మా ఊరి పంచాయతీ నయం. బర్క్‌లీలో 924 గిల్మన్ వీధిలో 1986 చివరి రోజున వలంటీర్లు తెరిచిన హాలు ఒకటుంది. పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్న బ్యాండ్ అక్కడ వాయించకూడదని కట్టుబాటు. అక్కడే పెరిగిన గ్రీన్ డే పెద్ద కంపెనీతో సంతకం పెట్టి 1994లో 'డూకీ' తెచ్చేసరికి వెలి పడింది. ఆల్బమ్ అమ్మకాలు అమెరికాలోనే కోటి ప్రతులు దాటాయి, వెలి మాత్రం అలాగే ఉంది. మళ్లీ ఆ గడప తొక్కింది 2015లో, విరాళాల కచేరీ కోసం. మూడు స్వరాల్లో ఒకటి ఎగ్గొట్టే మీరేమో ఇంత పట్టుదల మనుషుల మధ్య తిరుగుతున్నారు. 'డూకీ' వచ్చిన 1994లోనే వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో జనం, బ్యాండ్ కలిసి బురద విసురుకున్నప్పుడు, భద్రతా సిబ్బందిలో ఒకడు గ్రీన్ డే బాసిస్టు మైక్ డర్న్‌ట్‌ను వేదికెక్కిన అభిమాని అనుకుని మీద పడి పళ్లు విరగ్గొట్టాడు. అభిమానికీ కళాకారుడికీ తేడా ఉండకూడదన్నది మీ సిద్ధాంతమట కదా. ఆచరణలో పెట్టినవాడు ఆ సెక్యూరిటీ గార్డు ఒక్కడే.

వయసు మాట ఎత్తితే మీకు కోపం వస్తుందని తెలుసు. పద్దెనిమిదేళ్ల విసుగును యాభై మూడేళ్ల గ్రీన్ డే గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్ 2025 మార్చిలో ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సుకు మోసుకొచ్చాడు. మన దేశంలో వాళ్ల తొలి కచేరీ. నేనూ వెళ్లాను. గుంపులో గెంతుతూ ఒకరినొకరు గుద్దుకునే చోట నన్ను తాకిన ప్రతివాడూ "సారీ సర్" అన్నాడు. పక్కనున్నాయన నడుముకు బెల్టు, చెవుల్లో దూది, భుజం మీద కూతురు. తండ్రి గెంతినప్పుడల్లా ఆ పిల్ల విసుగ్గా "ఇంటికి ఎప్పుడు వెళ్దాం నాన్నా?" అంటోంది. మొత్తం మైదానంలో పాటల భావాన్ని సరిగ్గా పట్టుకున్నది ఆ పిల్లే.

మరో పాప్-పంక్ బ్యాండ్ బ్లింక్-182 గురించి ఎక్కువ రాయను. ఐర్లండ్‌లో అదే పేరుతో మరో బ్యాండ్ ఉందని పేరు చివర 182 తగిలించుకుని, ఆ అంకెకు అర్థం అడిగినవాడికల్లా ఒక్కో కథ చెప్పిన మనుషులు వాళ్లు. గిటారిస్టు టామ్ డిలాంగ్ మధ్యలో గ్రహాంతరవాసుల పరిశోధనకు సంస్థే పెట్టాడు. ఆ సంస్థ ప్రచారంలో పెట్టిన, గుర్తుతెలియని ఎగిరే వస్తువుల నౌకాదళం వీడియోలను 2020లో పెంటగాన్ అధికారికంగా విడుదల చేసింది. ఆ వీడియోలు అసలైనవేనని అమెరికా రక్షణ శాఖ కూడా ఒప్పుకోక తప్పలేదు, మా చుట్టాలు మాత్రం మీది సంగీతమని ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు.

ఒప్పుకున్నది ఒక్కరే. మా కింది ఫ్లాట్‌లో ఉండే విశ్రాంత వీణ టీచరు గారు. ఓ ఆదివారం నేను మిమ్మల్ని సాధన చేస్తుంటే ఆమె మెట్లెక్కి వచ్చారు. గొడవకు వచ్చారనుకుని వాల్యూమ్ తగ్గించాను. ఆమె కుర్చీలో కూర్చుని కాసేపు విని, "శ్రుతి బాగానే కుదిరింది నాయనా. పాట ఎప్పుడు మొదలుపెడతావు?" అన్నారు.

పాట అప్పటికే మూడు చరణాలు అయిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు.

"ఇదేనమ్మా పాట" అన్నాను చివరికి.

"సా, పా. తంబూరా మీటినట్టే ఉందే. గాంధారం ఏది?"

"లేదమ్మా. తీసేశారు."

ఆమె ఆలోచించారు. "తప్పేం లేదు. మధ్యమావతి రాగంలోనూ గాంధారం లేదు. కాకపోతే దాన్ని కచేరీ చివర మంగళానికి పాడతాం. మీవాళ్లు మొదటి నుంచీ మంగళమే పాడుతున్నారా?"

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పారు. శ్రుతి బాగా కలిసిన తంబూరాలో ఎవరూ మీటకపోయినా మంద్ర షడ్జమంలోంచి గాంధారం దానంతట అదే పలుకుతుందట. స్వయంభూ గాంధారం అంటారట. ఆ రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కసారి మీటి, ధ్వని ఆరిపోయేదాకా కూర్చున్నాను. ఉంది. పైన ఎక్కడో, సన్నగా, అంతర గాంధారం. అంటే మీరు ఎగ్గొట్టలేదు, లెక్కల్లో చూపించలేదు. ఇన్నాళ్లూ దుఃఖమనుకుని నేను తలుపు వేసుకుని విన్న పాటలన్నిటి మీదా మీరు చాటుగా సంతోషం పెట్టి పంపారన్నమాట. హాస్టల్లో ఆ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే మీ సొమ్మేం పోయేది?

కాబట్టి దాచిన గాంధారానికి సంజాయిషీ ఇవ్వండి. నా మణికట్టుకు అయిన ఫిజియోథెరపీ బిల్లు జతపరిచాను, అదీ చూడండి. తదుపరి ఆదివారం టీచరు గారు తంబూరా తీసుకుని పైకి వస్తానన్నారు. మీరు వేళకు హాజరు కావాలి. రాత్రి తొమ్మిది దాటితే అపార్ట్‌మెంట్ సంఘం వారు ఊరుకోరు.

ఇట్లు,
మీ విధేయుడు,
నాలుగో అంతస్తు, మలుపు ఫ్లాట్

తా.క.: మీరు వాడేది లావు తీగలే కావడంతో నా గిటార్‌కు కింద ఉన్న మూడు సన్నతీగలు కొన్ననాటి మెరుపుతో అలాగే ఉన్నాయి. వాడని సరుకు కదా, వాపసు తీసుకుంటారేమోనని దుకాణంలో అడిగాను. తీసుకోరట. మీ సిఫారసు ఉత్తరం ఒకటి పంపితే మరోసారి వెళ్తాను.