అర కిలో ఆరోగ్యం

కామాక్షి: ఏమండీ, ఫ్రిజ్‌లో పెట్టిన అర కిలో బ్లాక్‌బెర్రీలు ఏమయ్యాయో కాస్త సెలవిస్తారా?

సుబ్బారావు: ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా మొదట నన్నే నిలదీయడం నీకు అలవాటైపోయింది.

కామాక్షి: మీసాల కొసలు, చొక్కా జేబు అంచు ఊదారంగులో మెరుస్తూ ఉంటే, పంటి సందులో ఇరుక్కున్న గింజను మీరు నాలుకతో కెలుకుతూ ఉంటే, వేరే సాక్షి ఎందుకండీ? ఆ రంగు ఆంథోసయనిన్లనే పండ్ల రంగు పదార్థాలది, అంత తేలిగ్గా వదలదు.

సుబ్బారావు: చూశావా, నా తరఫు వాదన నువ్వే మొదలుపెట్టావు! ఆ ఆంథోసయనిన్లే యాంటీఆక్సిడెంట్లు, అంటే కణాలు దెబ్బతినకుండా అడ్డుకునేవి. గుండెకూ మెదడుకూ అవి కవచకుండలాల్లాంటివి.

కామాక్షి: ప్రయోగశాల గాజు గొట్టంలో ఆ పదార్థం చేసే పనంతా మన ఒంట్లోనూ చేస్తుందని చెప్పలేం, ఎందుకంటే తిన్నదానిలో కొద్ది భాగమే అదే రూపంలో రక్తంలోకి చేరుతుంది. పండ్లూ కూరగాయలూ బాగా తినేవారిలో గుండె జబ్బులు తక్కువగా కనిపిస్తాయన్నది నిజమే గానీ, ఆ ఘనతంతా ఒక్క పండుకే కట్టబెడితే మిగతావన్నీ నొచ్చుకుంటాయి.

సుబ్బారావు: సరే, అంకెల్లోకి దిగుదాం. వంద గ్రాముల పండ్లలో 88 గ్రాములు నీళ్లే; కేలరీలు 43, చక్కెర సుమారు 5 గ్రాములు, విటమిన్ సి 21 మిల్లీగ్రాములు. ఆపైన ఎముకలకు పనికివచ్చే మాంగనీసు, రక్తం గడ్డకట్టడానికి అవసరమైన విటమిన్ కె కూడా ఉన్నాయి.

కామాక్షి: ఆ విటమిన్ కె సంగతి మీ అన్నగారి ముందు కాస్త నెమ్మదిగా చెప్పండి, ఆయన రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడుతున్నారు.

సుబ్బారావు: అందుకే కదా, రేపు అన్నయ్య వస్తున్నాడని, ఆయన కంటబడకుండా నేనే ఖాళీ చేశాను!

కామాక్షి: మీ త్యాగం వృథా అయిందండీ. ఆ మందు వాడేవారు విటమిన్ కె ఉన్నవాటిని మానేయనక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తీసుకుంటూ, మార్పు చేయాలనుకుంటే వైద్యుడితో చెప్పాలి. అది సరే, అంకెల చిట్టా చదివినవారు పీచు పదార్థాన్ని ఎందుకు దాటేశారు?

సుబ్బారావు: వందకు 5 గ్రాముల పైచిలుకు, అంతే కదా.

కామాక్షి: అంతే కాదు, అర కిలోకు 26 గ్రాములు! పెద్దవారికి రోజంతటికీ కావలసిన పీచు 25 నుంచి 30 గ్రాములైతే, మీరు దాన్ని ఒక్క పూటలో, మంచినీళ్లయినా తాగకుండా లాగించేశారు.

సుబ్బారావు: పీచు మలబద్ధకాన్ని పోగొడుతుంది, పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులకు మేత అవుతుంది.

కామాక్షి: కొద్దికొద్దిగా అలవాటు చేస్తే మేలే, అలవాటు లేని పొట్టలో ఒక్కసారిగా కూరితే ఆ మేతకు ఉబ్బరమూ గ్యాసూ తోడవుతాయి.

సుబ్బారావు: కోసిన తరువాత ఆ పండ్లు ఇక పండవు, రెండు మూడు రోజుల్లో బూజు పడతాయి. పాడైపోతాయన్న బాధతో తిన్నాను కామాక్షీ.

కామాక్షి: అది తెలిసే ఇంకో పెట్టె గడ్డకట్టించి దాచాను, అలా ఉంచితే పీచు ఎక్కడికీ పోదు, రంగూ చాలావరకు నిలుస్తుంది. ఏ అరలో ఉందో మాత్రం చెప్పను. అదేమిటి, మాట పూర్తికాకముందే ఫ్రిజ్ వైపు లేచారు?

సుబ్బారావు: ఫ్రిజ్ వైపు కాదు, దారి వదులు కామాక్షీ, పీచు పిలుస్తోంది!