షాంఘైకీ మనకీ తేడా అయిదు మార్కులే

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో నిలబడి ఎటు తిరిగినా ఫ్లెక్సీలే. పాస్‌పోర్టు ఫొటోలు, వాటి కింద 595, 594, 593. మొత్తం 600కి. ఇంత ప్రతిభ వీధుల్లో వేలాడుతుంటే, మన దేశం లెక్కల్లో అట్టడుగున ఉందంటారా!

అన్నది పీసా పరీక్ష. పారిస్‌లో కూర్చున్న ఓఈసీడీ అనే దేశాల ఆర్థిక సహకార సంస్థ 2000 నుంచి 15 ఏళ్ల పిల్లలకు పెడుతోంది. 2009 విడతలో మన తరఫున తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ రాశాయి. లెక్కల్లో 351, 338 వచ్చాయి. 74 జట్లలో వాటి కింద కిర్గిజ్‌స్తాన్ ఒక్కటే మిగిలింది, పాపం. ఫస్టొచ్చిన షాంఘైకి సరిగ్గా 600. మన ఫ్లెక్సీ మీది గుంటడికి 595. తేడా ఎంతో మీరే చెప్పండి. పీసాలో 600 అంటే నూటికి నూరు కాదు, సగటు 500 దగ్గర ఉండేలా కట్టిన స్కేలు అని కొందరు గొణుగుతారు. అలాంటివాళ్లను పెళ్లిళ్లకు పిలవకూడదు.

ప్రశ్నలు మన సంస్కృతికి తగ్గట్టు లేవని ఢిల్లీ అలిగింది. మళ్లీ 2021లో చండీగఢ్, కేంద్రీయ, నవోదయ విద్యాలయాల పిల్లల చేత రాయిస్తామంది. కరోనా వల్ల పరీక్ష 2022కి వాయిదా పడింది, మనం మాత్రం వెళ్లలేదు. సింగపూర్ లెక్కల్లో 575తో మొదటి స్థానం కొట్టుకుపోయింది. రాయనివాడికి ఆఖరి ర్యాంకు ఇవ్వడం మాత్రం ఎవడి తరమూ కాదు. దౌత్యమంటే ఇదీ.

సంస్కృతికి తగ్గ ప్రశ్నే వేద్దామని ఓ టాపర్‌ని పట్టుకున్నాను. "అరసవల్లిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు మార్చి రెండో వారంలో ఓసారి, అక్టోబరు మొదట్లో ఓసారి పడతాయి కదా. ఆ రోజుల్లోనే ఎందుకు బాబూ?" పుట్టింది మొదలు ఆ గుడి ప్రసాదం తిన్నవాడే. విషువత్తంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజు. మార్చి విషువత్తుకు పదిరోజుల ముందూ, సెప్టెంబరు విషువత్తుకు పదిరోజుల తర్వాతా సూర్యుడు ఇంచుమించు ఒకేచోట ఉదయిస్తాడు. అంతకుమించి లెక్కేం లేదు. వాడు కాసేపు కళ్లు మూసుకుని గైడు పేజీలన్నీ మనసులో తిరగేశాడు.

"ఎన్ని మార్కుల ప్రశ్న మాస్టారూ?"

"మార్కుల్లేవు. ఊరికే అడిగాను."

"అయితే చాయిస్‌లో వదిలేస్తానండి."

ఇక లాభం లేదు. పీసాకి పోటీగా మనమే ఓ అంతర్జాతీయ పరీక్ష పెట్టాలి. సింగపూర్ పిల్లల్ని ఇక్కడి హాస్టల్లో దింపి, తెల్లవారుజామున అయిదుకు లేపి, రాత్రి పది దాకా స్టడీ అవర్‌లో కూర్చోబెట్టాలి. మధ్యలో నీళ్ల పప్పుచారు. సూత్రం ఎక్కణ్ణించి వచ్చిందని అడిగినవాణ్ణి వరండాలో నిలబెట్టాలి. ముందురోజు రాత్రి ఇంపార్టెంట్ ప్రశ్నలు పంచాలి, గేటు బయట తల్లిదండ్రులు టెన్షన్ పడాలి. అప్పుడు తెలుస్తుంది ఎవరెంతో.

అయినా సింగపూరే గెలిస్తే? కంగారు లేదు. ఫలితాలు ఫ్లెక్సీల మీదే ప్రకటిస్తాం. మన ఫ్లెక్సీ మీద ఒకటో ర్యాంకు నలభై మందికైనా పడుతుంది.