చూపుడు వేలు బరువు రెండున్నర టన్నులు

శిల్పి కాదలచిన యువకులు శిల్పశాస్త్రం చదివి కాలం వృథా చేసుకోవద్దని సవినయంగా మనవి. మూలమూర్తికి ఉత్తమ దశతాళం, అంటే 124 అంగుళాలు (ఇంచులు కావు, విగ్రహం ఎత్తును పంచుకునే సమభాగాలు), అమ్మవారికి 120 అని వల్లె వేస్తే విగ్రహ కమిటీ మెచ్చుకోదు. కమిటీ కొలత ఒకటే. ఫ్లెక్సీలోంచి కత్తిరించి వాట్సాప్‌లో పంపిన ఫొటో! బట్టతల కనబడకూడదు, మీసం ఒత్తుగా ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, నాయకుడు చెయ్యి చాచి వేలు చూపించాలి. ఎటు చూపించాలో స్థలం ఖాయమయ్యాక చెబుతారు.

ఇక్కడే గ్రానైట్ మొండికేస్తుంది. నెత్తిన ఎంత బరువు పెట్టినా మోస్తుంది గానీ, వంచబోతే పుటుక్కున విరుగుతుంది. పైగా ఘనపుటడుగు రాయి 75 కిలోల పైమాటే. ఆరడుగుల నాయకుడు చేతులు కట్టుకుని నిలబడితే 7×3×2.5 అడుగుల దిమ్మ చాలు, సుమారు 4 టన్నులు. చెయ్యి చాచాడా, వెడల్పు 5 అడుగులకు పెరుగుతుంది, బరువు ఆరున్నర దాటుతుంది. ఆ తేడా అంతా వేలి ఖర్చే. అందులో ముప్పాతిక మువ్వీసం పెళ్లలుగా రాలిపోతుంది. మిగిలిన వేలు క్రేను బెల్టు తగిలి ఊడిపోవచ్చు. పాతకాలం స్థపతులు చాలాచోట్ల దేవుడి పై చేతులకు వెనక ప్రభావళి ఆసరా ఉంచి చెక్కారు. దేవుడు రాయితో సర్దుకున్నాడు. మండల స్థాయి నాయకుడు సర్దుకోడు.

చెయ్యి విడిగా చెక్కి అతికించమంటారా? అలాగే. భుజానికి రంధ్రం వేసి, లోపలి రాతిపొడి పూర్తిగా ఊదేసి, స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీ దించి ఎపాక్సీ జిగురు పోయాలి. పొడి మిగిలితే ఎపాక్సీ ఆ పొడినే పట్టుకుంటుంది, రాయిని కాదు. మామూలు ఇనుప కడ్డీతో సరిపెడితే వానలకు తుప్పు ఉబ్బి భుజాన్ని లోపలినుంచే పగలగొడుతుంది. చెయ్యి రాలిన తెల్లారి ప్రతిపక్షం మీద కేసు, సెంటర్లో రాస్తారోకో. తుప్పు పేరు ఎఫ్‌ఐఆర్‌లో ఎక్కదు.

గ్రైండరు లేపే దుమ్ములో సిలికా ఉంటుంది, అది ఊపిరితిత్తులకు చేటు. నీళ్లు పోస్తూ కోస్తే దుమ్ము అణుగుతుంది, కాకపోతే మామూలు కరెంటు గ్రైండరు మీద నీళ్లు పడితే షాకు. కాబట్టి శిల్పి మూతికి కర్చీఫు కట్టుకుంటాడు. సన్న దుమ్ము దానికి ఆగదు, ఫొటోలో మాత్రం నిండుగా ఉంటుంది.

రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే కొన్ని రాత్రికి రాత్రే మొలుస్తాయి. శిలాఫలకం మీద ముఖ్య అతిథి నుంచి వార్డు మెంబరు దాకా అందరి పేర్లూ శిల్పే చెక్కాలి. చోటు చాలనిది ఒక్క పేరుకే.

దేవతామూర్తికి కళ్లు తెరవడం చివరి పని కదా. నాయకుడికీ ఆ సంప్రదాయమే పాటించండి. బ్యాలెన్సు ఖాతాలో పడేదాకా కనుపాపల జోలికి పోవద్దు.