పదేళ్ల పిల్లలకు ఆరు ప్లేలు చాలు

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే పది, పన్నెండేళ్ల పిల్లల జట్టు చేతిలో నలభై ప్లేల (ముందే అనుకున్న ఎత్తుగడల) ప్లేబుక్ పెట్టడం తప్పు. అమెరికాలోని మన సంఘాల్లోని నాన్నలు, అమ్మలు ఇప్పుడు పిల్లల్ని ఫుట్‌బాల్ మైదానానికి తీసుకెళ్లడంతో ఆగడం లేదు, విజిల్ పట్టుకుని కోచింగ్‌కూ దిగుతున్నారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్‌తో పాటు, ఇదే ఆటను గుద్దుకోకుండా నడుముకు కట్టిన జెండా లాగి ఆపే ఫ్లాగ్ ఫుట్‌బాల్ కూడా ఉంది కాబట్టి ఈ ఆసక్తి ఇంకా పెరుగుతుంది. అందుకే ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

డిఫెన్స్‌లో (బంతిని ఆపే వైపు) ఒక్కడు సరిగ్గా ఆడినా ప్లే ఆగిపోతుంది. ఆఫెన్స్‌లో (బంతి చేతిలో ఉన్న వైపు) పదకొండు మందీ సరిగ్గా కదలాలి. ప్లే పేరు వినగానే "నేనెటు వెళ్లాలి?" అని ఆలోచించే పిల్లాడి మొదటి అడుగు ఆలస్యమవుతుంది, ఎదుటివాడికి ఆ అర సెకను చాలు. ప్రొఫెషనల్ జట్టు గ్రీన్ బే ప్యాకర్స్ కోచ్ విన్స్ లాంబార్డి ఒక్క స్వీప్ ప్లే (బంతితో అంచు చుట్టూ తిరిగి పరిగెత్తడం) గురించే ఎనిమిది గంటలు పాఠం చెప్పారని, తర్వాత తనూ పేరున్న కోచ్ అయిన జాన్ మ్యాడెన్ చెబుతుండేవారు. అంత పెద్ద జట్టుకే ఒక ప్లేలో అంత లోతు అవసరమైతే ఐదో తరగతి పిల్లల సంగతి చెప్పాలా?

డైవ్ (మధ్యలోంచి నేరుగా పరుగు), పవర్ (అదనంగా ఒకడు ముందు దారి చేసే పరుగు), స్వీప్, కౌంటర్ (ఒక వైపు కదిలినట్టు చూపి రెండో వైపు పరుగు), బూట్‌లెగ్, స్లాంట్-ఫ్లాట్ (చిన్న పాస్): ఈ ఆరు చాలు. కుడికీ ఎడమకీ కలిపి పన్నెండు. అన్నీ ఒకే ఫార్మేషన్ (ఆటగాళ్లు నిలబడే అమరిక) నుంచి మొదలవ్వాలి, మొదటి రెండడుగులు ఒకేలా కనిపించాలి. స్వీప్‌ని రెండుసార్లు చూసిన డిఫెండర్ మూడోసారి దాని వెంట పరిగెడతాడు. అప్పుడే బూట్‌లెగ్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ప్లే నడిపేవాడు) బంతి దాచుకుని అవతలి వైపు ఖాళీగా బయటపడతాడు.

అన్నిటికన్నా ముందు స్నాప్, అంటే ముందు వరుస మధ్యలో ఉండే సెంటర్ కాళ్ల మధ్య నుంచి క్వార్టర్‌బ్యాక్‌కు బంతి అందించడం. పిల్లల ఆటలో చాలా ప్లేలు ఇక్కడే చచ్చిపోతాయి. షాట్‌గన్‌లో, అంటే క్వార్టర్‌బ్యాక్ కొన్ని గజాలు వెనక నిలబడినప్పుడు, సెంటర్ బంతి వదిలేటప్పుడే నడుము పైకి లేపితే బంతి క్వార్టర్‌బ్యాక్ తల మీదుగా పోతుంది. క్వార్టర్‌బ్యాక్ బంతి మీద చూపు వదిలేసి దూసుకొచ్చేవాణ్ని చూస్తే అది చేతికి తగిలి జారిపోతుంది. రోజూ ప్రాక్టీసుకు ముందు పాతిక స్నాప్‌లు చేయించండి. సెంటర్ ఎదుట ఒకణ్ని నిలబెట్టే చేయించండి, ఎందుకంటే ఎవరూ లేనప్పుడు కుదిరిన స్నాప్ మనిషి ఎదురుగా ఉంటే చెదురుతుంది. వాటిలో ఐదింటికి బంతిని నీళ్ల బకెట్లో ముంచి ఇవ్వండి.

ఆ తర్వాత లైన్, అంటే సెంటర్‌తో కలిపి ముందు వరుసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునే ఐదుగురు. నా దృష్టిలో కోచ్ సమయంలో సగం ఈ ఐదుగురికే చెందాలి. మొదటి అడుగు ఆరంగుళాలు మించకూడదు. రెండో కాలు నేలను తాకాకే ఎదుటివాణ్ని తాకాలి. చేతులు అతని ఛాతీ మీద లోపలి వైపున, బొటనవేళ్లు పైకి. తల పైకెత్తి, తాకిడికి దూరంగా. పెద్ద అడుగు వేసినవాడు తాకిడి సమయానికి ఒంటికాలి మీద ఉంటాడు, అందుకే వెనక్కి పడతాడు. బరువు మడమల మీద ఉన్నవాడి మొదటి అడుగు వెనక్కే పడుతుంది. లేచి నిలబడి తోసేవాడికి ఎంత కండ ఉన్నా లాభం లేదు. కబడ్డీ ఆడినవాళ్లకు నడుము కిందికి ఉంచడం ఎందుకో విడమర్చి చెప్పక్కర్లేదు. పాదాలు దగ్గరపడుతుంటే నేల మీద అడుగున్నర ఎడంతో రెండు సుద్దగీతలు గీసి, పాదాలు వాటి బయటే ఉంచుకుని ఐదు గజాలు తోయమనండి.

ఎవరిని బ్లాక్ చేయాలో (అడ్డుకోవాలో) ప్రతి డిఫెన్స్‌కూ వేరువేరుగా వల్లె వేయించకండి. ఒకే సూత్రం: ముందు లోపలి సందులో ఉన్నవాడు, అక్కడెవరూ లేకపోతే ఎదురుగా ఉన్నవాడు, అతనూ లేకపోతే డిఫెన్స్ ముందు వరుస వెనక నిలబడే లైన్‌బ్యాకర్. లైన్‌మెన్ మధ్య ఎడం రెండడుగులు. లోపలి నుంచి చొచ్చుకొస్తుంటే ఒక అడుగుకు తగ్గించండి.

ప్లే నేర్పే పద్ధతి మన ఇళ్లలో ఉన్నదే. సరళీ, జంట వరసలు మూడు కాలాల్లో నిలబడ్డాకే గీతం మొదలవుతుంది కదా. ప్లే కూడా అలాగే మొదటి కాలంలో నడుస్తూ, బంతి లేకుండా. రెండో కాలంలో సగం వేగంతో, బంతితో, ప్యాడ్ పట్టుకున్నవాళ్ల మీద. మూడో కాలంలో పూర్తి వేగంతో. తప్పు కనిపిస్తే ఒక కాలం వెనక్కి రావాలి. మొదటి రోజే పదకొండు మందికి పదకొండు మందిని నిలబెట్టి పరిగెత్తిస్తే ప్లే చెడిపోతుంది, ఎవరి వల్ల చెడిందో ఎవరికీ తెలియదు. మూడు కాలాల్లో రెండింటిలో ఒకరినొకరు గట్టిగా గుద్దుకోవడం ఉండదు. అమెరికాలో పిల్లల ఫుట్‌బాల్ నడిపే పాప్ వార్నర్ లీగ్ 2016లో ప్రాక్టీసులో తాకిడి సమయాన్ని పాతిక శాతానికి తగ్గించింది. ఈ పద్ధతిలో ఆ హద్దు దాటాల్సిన అవసరమే రాదు.

పాస్ విషయంలో మొదట బంతి సైజు చూడండి. 6–9 ఏళ్లకు పీవీ, 9–12కు జూనియర్, 12–14కు యూత్. పెద్ద బంతి ఇస్తే వేళ్లు కుట్ల మీద అందవు, మోచేయి కిందికి జారుతుంది, పిల్లాడు విసరడం మానేసి నెట్టడం నేర్చుకుంటాడు. ఆ అలవాటు పోగొట్టడం కష్టం. స్లాంట్-ఫ్లాట్‌లో ఒక రిసీవర్ (పాస్ అందుకునేవాడు) ఏటవాలుగా లోపలికి, ఇంకొకడు పక్కగీత వైపు పోతారు. క్వార్టర్‌బ్యాక్‌ను ఒక్క డిఫెండర్‌నే చదవమనండి. అతను బయటికి, ఫ్లాట్ వైపు వెళితే స్లాంట్‌కు వేయాలి, లోపలే ఆగితే ఫ్లాట్‌కు. రిసీవర్ మూడడుగులు వేసి లోపలికి తిరిగేసరికి బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి. ఖాళీ అయ్యాడో లేదో చూసి వేద్దామని ఆగితే బంతి డిఫెండర్ చేతికి పోతుంది.

ఇరవై రెండు మందిని ఒకే వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరికి అర నిమిషం ఇస్తే, పిల్లాడికి మళ్లీ వంతు వచ్చేసరికి పదకొండు నిమిషాలు. నాలుగు గుంపులు చేస్తే మూడు నిమిషాల్లోపే. కోచింగ్ తెలియని తల్లిదండ్రులైనా ఒక గుంపు దగ్గర నిలబడి పాదాలు చూడగలరు. ఒక్కో వంతుకు ఒక్క తప్పే దిద్దండి.

తొమ్మిదేళ్లకే లావుగా ఉన్నవాణ్ని లైన్‌లోనూ, సన్నగా ఉన్నవాణ్ని బంతి ఎప్పుడూ రాని చివరి రిసీవర్‌గానూ పాతేయడం మాత్రం అన్యాయం. పద్నాలుగేళ్లకు ఇద్దరి ఒళ్లూ మారిపోవచ్చు. ప్రతి పిల్లాడికీ రెండు స్థానాలు నేర్పాలి, వాటిలో ఒకటి లైన్‌లో ఉండాలి. "మావాడు లైన్‌లో ఎందుకు?" అని అడిగే తల్లిదండ్రులకు ఒకటే మనవి: బ్లాక్ చేయడం రాని రిసీవర్‌ని హైస్కూల్ కోచ్ స్వీప్ ప్లేలో మైదానంలో ఉంచడు.

ఆట రోజున ఫోన్‌తో వీడియో తీసేవాళ్లు బంతి వెంట పోకండి. ఆఫెన్స్ వెనక, ఎండ్ జోన్ (మైదానం చివరి భాగం) వైపు వీలైనంత ఎత్తులో నిలబడి పదకొండు మందీ పడేలా పెట్టి, స్నాప్‌కు రెండు సెకన్ల ముందు మొదలుపెట్టండి. కోచ్‌కు చూడాల్సింది లైన్‌మెన్ మొదటి అడుగు. అది పక్క నుంచి తీసిన వీడియోలో కనిపించదు.