వేసవి మెయిళ్ళు చదవక్కర్లేదన్న ఫార్వర్డ్‌కు జవాబు

జూన్ వచ్చేసరికి డాలస్ చుట్టుపక్కల తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. అట్లాంటాలోని బంధువులు పంపుతారు, న్యూజెర్సీ స్నేహితులూ పంపుతారు. మాటలు అటూ ఇటూ మారినా సారాంశం ఇది (స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులన్నీ నడిపే సంస్థ, ఈఎస్‌ఎల్ అంటే ఇంగ్లీషు ఇంటి భాష కాని పిల్లలకు ఇచ్చే ఇంగ్లీషు శిక్షణ): “వేసవిలో స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి వచ్చే మెయిళ్ళు పట్టించుకోకండి, అన్నీ క్యాంపులూ డొనేషన్లే. కావాల్సింది బడి తెరిచాక టీచరే చెబుతుంది. ఇండియా నుంచి రెండు వారాలు ఆలస్యంగా వచ్చినా సీటు ఎక్కడికీ పోదు. కొత్తగా చేర్చేవాళ్ళు ఇంటి భాష ఇంగ్లీష్ అని రాయండి, తెలుగు అంటే ఈఎస్‌ఎల్‌లో వేసి వెనక్కి నెడతారు. ఇండియా టీకా కార్డు చాలు. ఉచిత భోజనం జోలికి పోవద్దు, గ్రీన్ కార్డుకు ఎసరు. వీసా కాగితాలు చూపకపోతే చేర్చుకోరు.”

పంపేవాళ్ళు మంచి మనసుతోనే పంపుతారు. కానీ దీన్ని నమ్మి నష్టపోయేది ఎక్కువగా ఆ ఏడాదే దిగిన కుటుంబాలు. ఎవరిని అడగాలో తెలియక, ముందు వచ్చినవాళ్ళ మాటే వేదమనుకునేవాళ్ళు. వాళ్ళ కోసమే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

క్యాంపుల ప్రకటనలు వస్తాయన్నది నిజం. అయితే అదే మెయిల్ పెట్టెలోకి వచ్చే ఏడాది రిజిస్ట్రేషన్ లింకు కూడా వస్తుంది. పాత విద్యార్థులకు కూడా చాలా డిస్ట్రిక్టులు ప్రతి ఏటా చిరునామా రుజువు, అత్యవసర ఫోను నంబర్లు, ఆరోగ్య వివరాలు మళ్ళీ నింపమంటాయి. అది పూర్తయ్యేదాకా టీచరు పేరు గానీ టైంటేబుల్ గానీ కనబడని చోట్లున్నాయి. బస్సు కావాలంటే దానికి విడిగా నమోదు.

ఇక “టీచరే చెబుతుంది” అన్న మాట. వేసవి సెలవుల్లో చాలామంది టీచర్లు డ్యూటీలో ఉండరు. ఈ పనులు నడిపేది డిస్ట్రిక్ట్ కార్యాలయం, గడువులు పెట్టేదీ వాళ్ళే. టెక్సస్‌లో మనవాళ్ళు ఎంతో ఆసక్తి చూపే విషయమే తీసుకోండి. పాఠం వినకుండా నేరుగా పరీక్ష రాసి తరగతి దాటే క్రెడిట్ బై ఎగ్జామ్. రాష్ట్ర నియమాల ప్రకారం ఏడాదిలో మూడు నెలలకోసారి ఈ అవకాశం ఇవ్వాలి, కనీసం 80 శాతం తెచ్చుకోవాలి. జులై నుంచి సెప్టెంబరు మధ్య వచ్చే విడత వేసవిలో చదువుకున్న పిల్లలకు సరిగ్గా సరిపోతుంది. కానీ దాని నమోదు గడువు పరీక్షకు వారాల ముందే ముగుస్తుంది. బడి తెరిచాక టీచరును అడిగితే ఆవిడ చేయగలిగింది ఏమీ ఉండదు.

ఆలస్యంగా వచ్చినా సీటు పోదన్న మాట ఎక్కడ పుట్టిందో ఊహించవచ్చు. న్యూయార్క్ నగరంలో బడులు సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవు దాటాక తెరుస్తారు. అట్లాంటా దగ్గర మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఫోర్సైత్ కౌంటీలో ఆగస్టు మొదటి రోజులకల్లా తెరిచేస్తారు. టెక్సస్‌లో చాలా డిస్ట్రిక్టులు ఆగస్టు నెల మధ్యలో. అమెరికాలో 13 వేలకు పైగా పబ్లిక్ స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, దేని క్యాలెండరు దానిదే. ఆగస్టు ఆఖరున హైదరాబాదు నుంచి తిరుగు టికెట్ కొనుక్కున్న న్యూయార్క్ కుటుంబానికి ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు. అదే టికెట్‌తో వచ్చే టెక్సస్ పిల్లవాడు అప్పటికి రెండు వారాల బడి పోగొట్టుకుని ఉంటాడు.

ఆ రెండు వారాలూ చిన్న విషయం కాదు. టెక్సస్ చట్టం ప్రకారం తరగతి జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే ఆ కోర్సు పూర్తి చేసినట్టు ఇచ్చే క్రెడిట్‌కే చిక్కు వస్తుంది. ఆగస్టులోనే పది రోజులు పోతే, తర్వాత జ్వరాలకూ పెళ్ళిళ్ళకూ మిగిలేది బాగా తక్కువ. టెక్సస్, కాలిఫోర్నియాలలో బడులకు రాష్ట్రం ఇచ్చే డబ్బు నమోదైన పిల్లల సంఖ్యను బట్టి కాక రోజువారీ హాజరును బట్టి వస్తుంది. అందుకే మొదటి రోజుల్లో కనబడని పిల్లవాణ్ణి రానట్టుగా గుర్తించి జాబితా నుంచి తీసేసే డిస్ట్రిక్టులున్నాయి. తిరిగి చేరవచ్చు, కానీ అదే బడిలో చోటు దొరుకుతుందన్న హామీ లేదు. టెక్సస్‌లో నాలుగో తరగతి వరకు తరగతికి 22 మందే అన్న పరిమితి ఉంది, డిస్ట్రిక్ట్ ప్రత్యేకంగా మినహాయింపు తెచ్చుకుంటే తప్ప. కొత్త ఇళ్ళు లేచిన చోట బడులు త్వరగా నిండిపోతాయి. నిండితే పక్క బడికి పంపుతారు. అన్న ఒక బడిలో, చెల్లెలు ఇంకో బడిలో పడిన ఇళ్ళు నాకు తెలుసు. ప్రయాణం తప్పనిసరైతే టికెట్ కొనేముందే బడి ఆఫీసుకు మెయిల్ రాసి, సీటు సంగతి ఏమవుతుందో రాతపూర్వకంగా తెలుసుకోండి.

ఇంటి భాష సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఈ ఫార్వర్డ్‌లో అన్నిటికన్నా హాని చేసే సలహా ఇదే.

పిల్లల్ని మొదటిసారి చేర్చేటప్పుడు ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడు ఎక్కువగా ఏ భాష మాట్లాడతాడు అని అడిగే ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే జరిగేది ఒక్కటే: పిల్లవాడి ఇంగ్లీషు ఎంత ఉందో పరీక్షిస్తారు. కిండర్‌గార్టెన్ పిల్లలకైతే వినడం, మాట్లాడటం చూస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చిన పిల్లలకు ఆ పరీక్షతోనే విషయం ముగుస్తుంది. తక్కువగా ఉందని తేలితే ఈఎస్‌ఎల్ సిఫారసు చేస్తారు. అప్పుడు కూడా తల్లిదండ్రులకు చెప్పాలి. వద్దనే హక్కు మీకుంది. అంటే మీరు భయపడే నిర్ణయం చివరకు మీ సంతకం దగ్గరకే వస్తుంది.

వెనక్కి నెట్టడం అన్నది ఇందులో లేదు. ఈఎస్‌ఎల్‌లో చేరినందుకు కింది తరగతికి దించరు. చాలా బడుల్లో పిల్లవాడు తన తరగతిలోనే, ఈఎస్‌ఎల్ శిక్షణ ఉన్న టీచరు దగ్గర అదే పాఠం నేర్చుకుంటాడు. ఇంగ్లీషు తక్కువన్న కారణంతో, ప్రతిభ ఎక్కువున్న పిల్లల కోసం నడిపే గిఫ్టెడ్ కార్యక్రమాల నుంచి దూరం పెట్టడం కూడా తగదు. ఈ ఏర్పాటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ కుటుంబాలు కోర్టుకెక్కి, 1974లో లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలుచుకున్న హక్కు. భాష అర్థం కాని పిల్లవాణ్ణి అందరితో పాటు కూర్చోబెట్టి అదే పుస్తకం చేతికిస్తే సమానత్వం అయిపోదని ఆ తీర్పు చెప్పింది.

ఇప్పుడు ఇంగ్లీష్ అని రాసిన ఇంటి సంగతి చూడండి. కరీంనగర్ నుంచో కాకినాడ నుంచో జులైలో దిగిన ఆరేళ్ళ పాప క్లాసులో నోరు విప్పదు. ఆ వయసు పిల్లలు కొత్త భాషలో కొన్ని నెలలు వింటూ ఉండిపోవడం మామూలే. కానీ టీచరు చేతిలోని కాగితం మాత్రం ఈ పాప ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుతుందని చెబుతోంది. ఆవిడ ఏమనుకోవాలి? మాటలో లోపమేమో, నేర్చుకోవడంలో ఇబ్బందేమో అనుకుంటుంది. దారి అటు తిరుగుతుంది. పాపకు అవసరమైన సాయం అందదు, అవసరం లేని పరీక్షలు మొదలవుతాయి. టెక్సస్‌లో ఈ ఫారం దిద్దుకోవడానికి చేరిన తేదీ నుంచి రెండు వారాలే గడువు, అదీ పిల్లవాడికి భాషా పరీక్ష జరగకముందే. మన భాష పేరు రాయడానికి జంకాల్సిన పని లేదు. తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరున్నారో డిస్ట్రిక్ట్‌కు తెలిసేదీ, దుబాసీల ఏర్పాటు గురించి ఆలోచించేదీ ఆ ఫారాల వల్లే. ఇంటి దగ్గర అమ్మమ్మకో తాతయ్యకో ఇంగ్లీషు రాకపోతే ఫోనులో తెలుగు దుబాసీ కావాలని అడగండి. చాలా డిస్ట్రిక్టులకు ఆ సదుపాయం ఉంది.

టీకా కార్డు. ఇండియా కార్డు చెల్లుతుంది, పనికిరాదని ఎవరూ అనరు. కానీ “చాలు” అన్న మాట తప్పు. మన ప్రభుత్వ టీకా కార్యక్రమంలో తొమ్మిదో నెల దాటాక ఇచ్చేది ఎంఆర్, అంటే తట్టుకీ రుబెల్లాకీ. అమెరికా బడులు అడిగేది ఎంఎంఆర్, అందులో గవదబిళ్ళల టీకా కూడా ఉంటుంది. పైగా మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన డోసును ఇక్కడ లెక్కలోకి తీసుకోరు. కాబట్టి ప్రైవేటు ఆసుపత్రిలో తొమ్మిదో నెలలో ఎంఎంఆరే వేయించినా ఆ డోసు లెక్కలోకి రాదు. ఆటలమ్మ టీకా మన ప్రభుత్వ కార్యక్రమంలో లేదు, ఇక్కడ టెక్సస్‌తో సహా చాలా రాష్ట్రాలు అడుగుతాయి. హెపటైటిస్ ఏ టెక్సస్‌లో తప్పనిసరి, అదీ మన ప్రభుత్వ కార్డులో ఉండదు. పోలియో చుక్కల సంగతి చాలామందికి తెలియదు: 2016 ఏప్రిల్ 1 నుంచి వేసిన చుక్కల మందును అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కించదు. ఆ సమయంలోనే ప్రపంచమంతా మూడు రకాల వైరస్‌లకు పనిచేసే చుక్కల నుంచి రెండు రకాల చుక్కలకు మారింది. పల్స్ పోలియో ఆదివారాలు ఒక్కటీ తప్పించని తల్లి కూడా ఇక్కడ పోలియో ఇంజెక్షన్ వేయించాల్సి రావచ్చు. ఆమె తప్పేమీ లేదు.

ఇదంతా జులైలోనే చూసుకోవాలి. ఎందుకంటే రెండు ఎంఎంఆర్ డోసుల మధ్య కనీసం 28 రోజులుండాలి. బడి తెరిచే ముందు వారం నర్సు దగ్గరకు వెళ్తే ఆ రోజులు ఎవరూ తగ్గించలేరు. కార్డు మీద తేదీలు కూడా ఒకసారి చూసుకోండి. మనం 05/08 అని రాస్తే ఆగస్టు అయిదు, ఇక్కడ నర్సు దాన్ని మే ఎనిమిదిగా చదువుతుంది. నెల పేరు అక్షరాల్లో రాయించుకుంటే ఆ గొడవ ఉండదు. ఇన్సూరెన్స్ ఇంకా రాని కుటుంబాల పిల్లలకు వ్యాక్సిన్స్ ఫర్ చిల్డ్రన్ అనే ఫెడరల్ కార్యక్రమం కింద 18 ఏళ్ళ వరకు టీకా మందు ఉచితం. టీకా శిబిరాలు ఎప్పుడు, ఎక్కడ అన్నది వచ్చేది ఈ చదవొద్దన్న మెయిళ్ళలోనే.

ఉచిత భోజనం తీసుకుంటే గ్రీన్ కార్డుకు ఎసరు అన్న భయం ఈ మధ్య ఇంకా పెరిగింది. వేసవి భోజనం ఫెడరల్ వ్యవసాయ శాఖ డబ్బుతో నడుస్తుంది. అందరికీ తెరిచి ఉంచిన కేంద్రాల్లో, బడి కావచ్చు, పార్కో లైబ్రరీయో కావచ్చు, 18 ఏళ్ళు, అంతకు తక్కువ వయసున్న ఎవరికైనా పెడతారు. దరఖాస్తు లేదు. ఆదాయం అడగరు, ఇమ్మిగ్రేషన్ కాగితం అడగరు. గ్రీన్ కార్డు అడిగేవాళ్ళు ప్రభుత్వ సాయం మీద ఆధారపడతారా అని చూసే పబ్లిక్ చార్జ్ నియమాన్ని 2019లో బాగా కఠినం చేసి, ఆహారం కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపులను కూడా లెక్కలోకి తెచ్చినప్పుడు సైతం బడి భోజనాన్ని అందులో చేర్చలేదు. 2022 నియమంలోనూ అది లేదు. 2025 నవంబరులో ఆ 2022 నియమాన్ని ఎత్తివేసే ప్రతిపాదన వచ్చింది కాబట్టి నగదు సాయం, ఫుడ్ స్టాంపుల వంటి వాటి గురించి లాయర్‌ను అడగడం మంచిదే. ఆ భయంతో పార్కులో పెట్టే మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లల్ని వెనక్కి లాగొద్దు.

వేసవి తర్వాతి భోజనం సంగతి రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో 2022 నుంచి బడి పిల్లలందరికీ ఉచితం. టెక్సస్‌లో అలా కాదు, ఇక్కడ తక్కువ ధర భోజనానికి ప్రతి ఏడాదీ కొత్తగా దరఖాస్తు పెట్టాలి, ఆదాయం తగ్గితే సంవత్సరం మధ్యలోనైనా పెట్టవచ్చు. వేసవిలో తిండి ఖర్చుకు పిల్లవాడికి 120 డాలర్లు ఇచ్చే సన్ బక్స్ పథకం 2024లో మొదలైతే న్యూజెర్సీ, కాలిఫోర్నియా చేరాయి, ఆ ఏడాది టెక్సస్, జార్జియా చేరలేదు. హెచ్-1బీ వీసా మీద ఉద్యోగం పోయి, ఇంకొకటి వెతుక్కోవడానికి మిగిలిన 60 రోజుల గడువు లెక్కపెట్టుకుంటున్న ఇళ్ళు మన మధ్య ఉన్నాయి. బయటికి చెప్పుకోరు. అలాంటి ఇంటికి ఈ ఫార్వర్డ్ వెళ్ళినప్పుడు అది పిల్లల కంచం దగ్గరకే వెళ్తుంది. దయచేసి ఆ వాక్యం తీసేయండి.

చివరిది, వీసా కాగితాలు చూపకపోతే చేర్చుకోరన్నది. దీనికి జవాబు టెక్సస్ గడ్డ మీదే ఉంది. 1975లో టెక్సస్ శాసనసభ, చట్టబద్ధమైన హోదా లేని పిల్లల చదువుకు రాష్ట్ర నిధులు ఇవ్వబోమని చట్టం చేసింది. టైలర్ అనే ఊళ్ళో డిస్ట్రిక్ట్ ఆ పిల్లల దగ్గర ఫీజు వసూలు చేయబోయింది. కుటుంబాలు కోర్టుకు వెళ్ళాయి. 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురి తేడాతో ఆ చట్టాన్ని కొట్టేసింది. ఇమ్మిగ్రేషన్ హోదా చూసి ఏ పిల్లవాడికీ పబ్లిక్ స్కూలు తలుపు మూయకూడదు. బడి అడగగలిగేది వయసు రుజువు, డిస్ట్రిక్ట్ పరిధిలో ఉంటున్నట్టు రుజువు, టీకాల రికార్డు. లీజు కాగితం, కరెంటు బిల్లు సరిపోతాయి. సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే టెక్సస్‌లో బడే ఒక ప్రత్యామ్నాయ నంబరు ఇస్తుంది. పాస్‌పోర్టును పుట్టిన తేదీ రుజువుగా మీరే చూపాలనుకుంటే చూపవచ్చు. కౌంటర్ దగ్గర ఎవరైనా వీసా స్టాంపు అడిగితే, ఆ నిబంధన డిస్ట్రిక్ట్ జాబితాలో ఎక్కడుందో చూపించమని మర్యాదగా అడగండి. చూపించలేకపోతే, అదే కార్యాలయంలో నమోదు విభాగం అధికారి పేరు తీసుకుని, ఆ రోజే మెయిల్ రాయండి.