ఆకు రాలకముందే

శరత్తు అంటే మనకు తెరిపిచ్చిన వాన, నిండిన చెరువు, పిండారబోసినట్టు వెన్నెల. ఉత్తర కాలిఫోర్నియా కొండపల్లెలకు అదే రుతువు గుండెదడ. అక్కడ వేసవిలో వాన పడదు. నెలల తరబడి ఎండిన గడ్డీ పొదలూ నవంబరు నాటికి చితుకులవుతాయి. ఈశాన్యపు పొడిగాలి కొండల మీదుగా దూకేదీ అప్పుడే. ఆ ఏటి మొదటి వాన ఆలస్యమైతే ఊళ్లు నిద్రపోవు.

2018లో ఆలస్యమైంది. నవంబరు 8 ఉదయం, దాదాపు వందేళ్ల నాటి విద్యుత్ లైనులో అరిగిపోయిన ఒక కొక్కెం తెగి, కింద ఎండుగడ్డి అంటుకుంది. రెండు గంటలు తిరగకుండానే మంటలు సుమారు 26 వేల మంది ఉన్న ప్యారడైజ్ పట్టణంలో ఉన్నాయి. ఆ పట్టణంలో, చుట్టుపక్కల పల్లెల్లో కలిపి 85 మంది చనిపోయారు, ఎక్కువ మంది ముసలివాళ్లు. 18 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. ఊరు ఖాళీ చేయించే ప్రణాళిక లేక కాదు, పేటల వారీగా ఉంది. అందరూ ఒక్కసారే కార్లెక్కితే ఆ రోడ్లు చాలలేదు. లైను యజమాని పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ 2020లో 84 మరణాలకు కోర్టులో నేరం ఒప్పుకుంది. ఒక్క కొక్కెం మార్చే ఖర్చెంత?

ఈ కథ హైదరాబాదులో ఎందుకంటారా? శ్రీశైలం బస్సెక్కి మన్ననూరు చెక్‌పోస్టు దాటితే తెలుస్తుంది. మనకు ఆకు రాలేది శరత్తులో కాదు, శిశిరంలో. శరత్తులో పచ్చగా ఉండే నల్లమల ఫిబ్రవరికల్లా కాలు పెడితే గలగలమంటుంది. 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడుమ చెంచుల చిన్న చిన్న ఊళ్లు, పెంటలు, ఉన్నాయి.

మంట లేవగానే చెంచులనే వేలెత్తి చూపడం మనకు అలవాటు. ఇప్పపువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు కాల్చడం, బీడీలకు వాడే తునికాకు చిగురు కోసం పొదలకు నిప్పు పెట్టడం ఉన్న మాటే. కానీ రోడ్డు పక్కన వండుకుని పొయ్యి ఆర్పకుండా వెళ్లేది, కారు అద్దం దించి సిగరెట్ పీక విసిరేది పెంటలవాళ్లు కాదు, నగరం నుంచి వెళ్లే మనమే. శివరాత్రి, సలేశ్వరం జాతర, రెండూ అడవి ఎండిన రోజుల్లోనే వస్తాయి.

డెహ్రాడూన్‌లోని అటవీ సర్వే సంస్థ, ఉపగ్రహం పసిగట్టిన మంటను ఫోను సందేశంగా పంపుతోంది. మంచిదే. అయితే సందేశం వచ్చేసరికే అడవి అంటుకుని ఉంటుంది. మంటను నిలువరించేది ఆకు ఊడ్చి, గడ్డి గీకి, మట్టి తేల్చిన ఫైర్ లైను. ఆ పని డిసెంబరులోనే మొదలవ్వాలి. ఫైర్ వాచర్లను ఎండలు ముదిరేదాకా ఆగకుండా అప్పుడే, పెంటల నుంచే తీసుకోవాలి, కూలి నెలనెలా ఇవ్వాలి. ప్రతి పెంటకూ బయటపడే రెండో దారి చూపాలి. యాత్రికులకు వంటచోట్లు వేరుగా కేటాయించాలి. శివరాత్రి నడక మొదలయ్యేలోగా మన్ననూరు నుంచి దోమలపెంట దాకా రోడ్డుకు రెండు వైపులా ఎండుటాకు లేకుండా ఊడ్చి ఉండాలి.